మరామతు పద్దు

మా నాన్నగారు 2016లో పోయారు. ఆయన బీరువా సర్దుతూంటే అడుగు అరలో, పొలం దస్తావేజుల క్రింద, ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి దొరికింది. ఇంటి ఖర్చుల పుస్తకం కాబోలనుకున్నాను. తెరిచి చూస్తే అందులో ఉన్నవి మా ఊరి పంచాయతీ పద్దులు. ఏటేటా గ్రామసభలో చదివి వినిపించిన జమాఖర్చులనూ, ఆ ఏడు చేయదలచిన పనుల జాబితానూ ఆయన తన గుండ్రని చేతివ్రాతతో ఎత్తి వ్రాసుకున్నారు. 1995 నుంచి 2015 దాకా ఒక్క ఏడూ తప్పలేదు. ఆయన వార్డు మెంబరుగా ఉన్నది ఒక్క విడతే. తక్కినవన్నీ ఒక మామూలు రైతుగా వెళ్ళి, వెనక బల్ల మీద కూర్చుని వ్రాసుకున్నవే.

ఆ పుటల్లో పనులు మారేవి, సర్పంచులు మారేవారు. ఒక్క పద్దు మాత్రం మారేది కాదు. "మంచినీటి చెరువు మరామతు - పూడిక, గట్టు, గుర్రపు డెక్క." దాని క్రింద ప్రతి ఏడూ ఎర్ర సిరాతో ఒక గీత. గీత ప్రక్కన కొన్నిచోట్ల "అయినది" అని ఉంది. చాలాచోట్ల "సగము" అని ఉంది. రెండుచోట్ల మాత్రం "అడిగితిని" అని ఉంది, అంతే.

నేను దాన్ని చూసి నవ్వుకున్నాను. అప్పటికి హైదరాబాదులో ఇరవై ఏళ్ళుగా ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. పెద్ద పెద్ద లెక్కలు చూసిన కళ్ళు కదా! ఇరవై ఏళ్ళపాటు ఒక చెరువు గురించి అడుగుతూ కూర్చోవడం, అందులో చాలాసార్లు సగం పనే చేయించుకోగలగడం నాకు కాస్త జాలిగా కూడా తోచింది. ఆ నవ్వు ఎంత తెలివితక్కువదో తెలుసుకోవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

మాది దివిసీమ. నాగాయలంక మండలంలో ఒక ఊరు. పేరు చెప్పను. ఇందులో చెప్పబోయే తప్పు చాలామటుకు నాది, దాన్ని ఊరి నెత్తిన రుద్దడం నాకిష్టం లేదు. పైగా మా వైపు ఏ ఊరి పేరు పెట్టుకుని చదివినా కథ పెద్దగా మారదు.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ నడుమ మిగిలిన నేలే దివిసీమ. ఇటు నది, అటు నది, ఎదురుగా సముద్రం. ఇన్ని నీళ్ళున్నచోట తాగునీటికి కరువేమిటని కొత్తవారు అడుగుతారు. వేసవిలో నదిలో పైనుంచి వచ్చే నీరు తగ్గగానే సముద్రపు పోటు ఎగువకు ఎక్కి వస్తుంది. భూమిలో బోరు దించితే తగిలేది ఉప్పునీరు. మాకు తీపినీరంటే పులిగడ్డ అక్విడక్టు మీదుగా నది పాయను దాటి వచ్చే కాలువ నీరే. ఆ కాలువకు మేము శివారున ఉన్నాము. ఎగువ ఊళ్ళ పొలాలు తడిసి, చెరువులు నిండి, తూటికాడనూ గుర్రపు డెక్కనూ ఒరుసుకుంటూ రాగా మిగిలినదే మాకు చేరుతుంది.

వేసవి రాగానే కాలువలు కట్టేస్తారు. కట్టే లోపల ఊరి మంచినీటి చెరువు నింపుకోవాలి. ఆ నీటినే ఫిల్టరు బెడ్ల గుండా పంపి, ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించి, కుళాయిలకు వదులుతారు. మళ్ళీ కాలువకు నీరు వచ్చేదాకా ఊరంతా ఆ చెరువు మీదే బ్రతకాలి. చెరువుతో ఒక చిక్కుంది. అడుగున పూడిక ఎంత పేరుకున్నా గట్టు మీద నిలబడి చూసేవాడికి అది నిండుగానే కనిపిస్తుంది. లోతు సగమైపోయిందన్న సంగతి మే నెల వచ్చేదాకా తెలియదు. తెలిసేసరికి కాలువ కట్టేసి ఉంటుంది.

నాన్నగారికి ఆ చెరువు మీద అంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే ఉప్పెన దగ్గరకు వెళ్ళాలి. 1977 నవంబరు 19. నాకు ఏడేళ్ళు. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ రాత్రిని గురించి నాకంటే ఎక్కువ పోగొట్టుకున్నవారు చెప్పారు, వ్రాశారు. నేను ఒక్క సంగతే చెబుతాను. మరునాడు మేము ఒక డాబా మీద నుంచి దిగేసరికి కనుచూపు మేర నీళ్ళే. నాకు దాహం. అమ్మ కొంగు పట్టుకుని నీళ్ళు, నీళ్ళు అని ఏడ్చాను. ఊరి చెరువు ఉప్పుకషాయమై, చచ్చిన పశువులతో నిండి ఉంది. ఎక్కడినుంచో వచ్చిన డబ్బాల నీళ్ళు గుక్కెడు గుక్కెడు పంచారు. ఆ తరువాత ఎన్నో రోజులు నాన్నగారూ తక్కిన మగవాళ్ళూ ఆ చెరువులోనే ఉన్నారు. కళేబరాలు లాగిపారేశారు. ఉప్పునీరు ఇంజన్లతో తోడిపోశారు. బురద తట్టలతో ఎత్తారు. కూలిన ఇళ్ళను ఇంకా నిలబెట్టనేలేదు, ముందు చెరువు బాగుచేశారు. ఇది నేను కళ్ళారా చూసినదే. అయినా ఆ పుస్తకంలోని ఎర్రగీతను చూసినప్పుడు నాకు జ్ఞాపకం రాలేదు.

కొంచెం వెనక్కు వెళ్ళి ఒక మాట చెప్పనివ్వండి. మా వైపు పట్టణమంటే బందరే. ఆ బందరును కూడా సముద్రం ఒకసారి ముంచింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుపానులో సుమారు ముప్ఫైవేల మంది పోయారని చరిత్ర. 1866లో బందరుకు మునిసిపాలిటీ వచ్చింది. అది తుపాను వల్ల వచ్చినది కాదు, 1865 నాటి మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం క్రింద వచ్చినది. కాని ఒకసారి ఊహించి చూడండి. రెండేళ్ళ క్రితం సగం ఊరిని పూడ్చిపెట్టుకున్న జనం పన్ను కట్టుకుని, ఆ డబ్బుతో రోడ్లూ, మురుగు కాలువలూ, దీపాలూ చూసుకోవడం మొదలుపెట్టారు. మునిసిపాలిటీ అన్నా, పంచాయతీ అన్నా నాకిప్పుడు అలాగే కనిపిస్తుంది. చావగా మిగిలినవారు నలుగురూ కూర్చుని మన దగ్గర ఎంత ఉంది, ముందు ఏది బాగుచేసుకుందాం అని లెక్క చూసుకునే చోటు అది. ఆ లెక్కకే ఈనాడు బడ్జెట్ అని పేరు.

పల్లెలకు ఈ హక్కు రావడానికి మరికొంత కాలం పట్టింది. 1959లో షాద్‌నగర్‌లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ వ్యవస్థ ఆరంభమైంది. రాజస్థాన్ తరువాత మనదే. 1993 ఏప్రిల్ 24న రాజ్యాంగపు 73వ సవరణ అమలులోకి వచ్చింది. మరుసటి ఏడు, 1994లో, మన పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఆ చట్టంలో నాకు అన్నిటికంటే నచ్చేది గ్రామసభ. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే. ఏటి జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, గడచిన ఏటి పాలన నివేదిక, రాబోయే ఏటి పనుల జాబితా, కొత్త పన్నుల ప్రతిపాదనలు, ఇవన్నీ ఆ సభ ముందు పెట్టాలి. అసెంబ్లీలో మన తరఫున మనం పంపిన మనిషి మాట్లాడతాడు. గ్రామసభలో మన తరఫున మాట్లాడేవారు ఎవరూ ఉండరు. మనమే మాట్లాడాలి. నాన్నగారి పుస్తకం 1995తో మొదలవడం యాదృచ్ఛికం కాదని ఈ చట్టం చదివిన తరువాత తెలిసింది.

సరే, ఇక నా తప్పు సంగతి.

2018 సంక్రాంతికి ఇంటికి వచ్చాను. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. భోగి వెళ్ళిన మరునాడో ఏమో, అరుగు మీద కూర్చుని అరిసెలు తింటూంటే పంచాయతీ మనిషి ఒకతను పెద్ద రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చాడు. "గ్రామసభ తీర్మానం సార్, ఊళ్ళో ఉన్నారు కదా, మీరూ ఒక సంతకం పెట్టండి" అన్నాడు. నాన్నగారి కొడుకునని మర్యాదకు అడిగాడు. నేనూ మర్యాదకే పెట్టాను. చదవలేదు. చేతికి నెయ్యి అంటి ఉంటే తుడుచుకుని మరీ పెట్టాను. నా శ్రద్ధ అంతవరకే.

ఆ ఎండాకాలం మా వీధికి సిమెంటు రోడ్డు వచ్చింది. అమ్మ ఫోనులో ఎంతో సంబరంగా చెప్పింది. వానాకాలం వస్తే మా వీధిలో మోకాలి లోతు బురద ఉండేది. ఇప్పుడు చెప్పులతో గుడికి వెళ్ళి రావచ్చు. నేనూ సంతోషించాను. మా ఊరూ బాగుపడుతోందని నలుగురితో చెప్పుకున్నాను.

2020లో కరోనా వచ్చి ఆఫీసు ఇంటికి మారింది. పనేదో అమ్మ దగ్గరే ఉండి చేసుకోవచ్చు కదా అని మా ఊరికి వచ్చేశాము. బోరు నీటికి మిషను పెట్టించాను. ఉప్పునీటిని అది తాగే నీరుగా చేస్తుంది. 2021 మే నెలలో ఒకరోజు ప్రొద్దుటే గేటు చప్పుడైంది. చెరువు అవతలి కాలనీలో ఉండే ఒక మామ్మ, చంకన బిందెతో నిలబడి ఉంది. రొయ్యల తలలు తీసే పనికి వెళుతుంది. నాన్నగారి కాలం నుంచీ తెలిసిన మనిషే.

"ఒక బిందె నీళ్ళు పట్టుకోనా బాబూ? కుళాయి నీళ్ళు పసరు కంపు కొడతన్నాయి. పిల్లకి వాంతులు" అంది.

"అదేం మాట మామ్మా, పట్టుకో. రోజూ వచ్చి పట్టుకో. అయినా ఇంత దూరం మోయగలవా?" అన్నాను.

"ఎందుకు మోయలేను బాబూ? మీ వీధికి రోడ్డేసిన కాడ్నుంచీ హాయిగా ఉంది. ఇదివరకు గుంటల్లో అడుగేస్తే సగం బిందె ఒలికిపోయేది. ఇప్పుడు చుక్క తొణకట్లేదు" అంది నవ్వుతూ.

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే మెచ్చుకుంది. చెరువు ఆమె ఇంటి వెనకే ఉంది. దాన్ని వెనక వదిలి, ఊరంతా నడిచి, మా రోడ్డును మెచ్చుకుంటూ మా ఇంటికి నీటికోసం వచ్చింది. బిందె నెత్తిన పెట్టుకుని ఆమె వెళుతూంటే చూస్తూ నిలబడ్డాను. నిజమే, చుక్క కూడా తొణకలేదు.

ఆ సాయంత్రం చెరువు దాకా నడిచి వెళ్ళాను. నీరు ఆకుపచ్చగా, చిక్కగా ఉంది. సగం మేర గుర్రపు డెక్క కప్పేసింది. గట్టు రెండు చోట్ల కోసుకుపోయింది. ఇంటికి వచ్చి నాన్నగారి పుస్తకం తీశాను. 2015లో పద్దు ఉంది, ఎర్రగీత ఉంది. తరువాతి పుటలన్నీ ఖాళీ.

మరి ఆ పద్దు ఏమైంది? 2020 ఏప్రిల్‌లో కేంద్రం పెట్టిన ఇ-గ్రామ్‌స్వరాజ్ అనే సైటులో ఏ పంచాయతీ లెక్కనైనా ఎవరైనా చూడవచ్చు. అంతకు ముందటి సంగతులకు మాత్రం పంచాయతీ ఆఫీసుకే వెళ్ళాలి. వెళ్ళాను. తీర్మానాల పుస్తకం చూపించమని అడిగితే అభ్యంతరం లేకుండా చూపించారు. 2018 తీర్మానం చదివాను. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం క్రింద ఖర్చులో అరవై పాళ్ళకు తగ్గకుండా కూలికీ, నలభై పాళ్ళకు మించకుండా సామగ్రికీ అన్న లెక్క ఉండేది. ఆ సామగ్రి డబ్బుతోనే అప్పట్లో చాలా ఊళ్ళలో సిమెంటు రోడ్లు పడ్డాయి. వాటికి పంచాయతీ తన వాటా కొంత కలపవలసి వచ్చేది. మా పంచాయతీ దగ్గర వేరే డబ్బు లేదు. అందుకని ఆ ఏటికి చెరువు మరామతు పద్దును ఆపి, ఆ సొమ్మును మా వీధి రోడ్డుకు వాటాగా ఇవ్వాలని తీర్మానించారు. క్రింద సంతకాలు. చాలామటుకు తెలుగులో ఉన్నాయి, కొన్ని వేలిముద్రలు. వాటి నడుమ ఇంగ్లీషులో, చివర గీత లాగి, ఎంతో దర్జాగా ఉన్నది ఒకే ఒక్క సంతకం. నాది.

ఒక ఏడు ఆపిన పద్దు మరుసటి ఏడు తనంతట తాను తిరిగి రాలేదు. అడిగేవారు లేరు. పద్దును గుర్తుపెట్టుకున్న మనిషి పోయాడు. ఆయన కొడుకు అరిసెలు తింటూ దాన్ని కొట్టివేసే కాగితం మీద సంతకం చేశాడు. దొంగతనం ఏమీ జరగలేదని మనవి చేస్తున్నాను. ఒక్క రూపాయి ఎవరూ తినలేదు. రోడ్డు వేస్తామన్నారు, వేశారు, ఇప్పటికీ గట్టిగానే ఉంది. అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది. ఎవరినైనా తిట్టుకునే వీలుంటే తేలికగా ఉండేది.

ఆ తరువాత దీన్ని గురించి చాలా ఆలోచించాను. కొత్త పనికి శంకుస్థాపన ఉంటుంది, కొబ్బరికాయ ఉంటుంది, పేర్లు చెక్కిన రాయి ఉంటుంది. మరామతుకు ఏముంటుంది? పూడిక తీసిన చెరువుకు ఎవరూ రిబ్బను కట్టరు. పైగా పని బాగా జరిగితే ఏమీ జరిగినట్టు కనిపించదు. నీరు ఎప్పటిలాగే వస్తుంది, పిల్లలకు వాంతులు పట్టవు, అంతే. రానిదాన్ని ఎవరు లెక్కపెడతారు? అందుకే చేతిలో డబ్బు తక్కువైనప్పుడు మొదట వేటు పడేది ఈ పద్దు మీదే. పల్లె అయినా పట్టణమైనా ఇంతే. బందరులో మురుగు కాలువ పూడిక మాటైనా, మా శివారు ఊళ్ళో ఫిల్టరు బెడ్ల ఇసుక మాటైనా ఒకటే కథ.

ఇది పై ఊరివారికి తెలియక కాదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పల్లెల స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంట్లలో అరవై పాళ్ళు మంచినీటికీ పారిశుద్ధ్యానికే వాడాలని ముడి వేసింది. తక్కిన నలభై పాళ్ళనే స్వేచ్ఛగా ఖర్చుపెట్టుకునే వీలుండేది. ముడి ఎందుకు వేశారని మొదట నాకు కోపం వచ్చింది. నా సంతకం గుర్తుకు వచ్చాక ఆ కోపం పోయింది. నావంటివారు ఊరికొకరు ఉంటే ముడి వేయక ఏం చేస్తారు?

అయితే పైనుంచి వేసే ముడి కంటే క్రిందినుంచి అడిగే గొంతు మేలనడానికి కూడా ఉదాహరణలున్నాయి. బ్రెజిల్‌లో పోర్తో అలెగ్రే అనే నగరం ఉంది. అక్కడ 1989 నుంచి పేటపేటకూ సభలు పెట్టి, నగరపు పనుల బడ్జెట్‌లో ఏది ముందో జనాన్నే తేల్చమన్నారు. పేదపేటలవారు ముందుగా అడిగినవాటిలో మంచినీరు, మురుగు కాలువలు ఉన్నాయి. మనకు దగ్గర్లో కేరళ 1996లో ప్రణాళిక నిధుల్లో మూడోవంతుకు పైగా స్థానిక సంస్థలకు అప్పగించి, గ్రామసభల్లో పనులు ఎంచుకోమంది. అంత దూరం పోనక్కరలేదు. 1977లో మా ఊరి మగవాళ్ళు ఇళ్ళు కట్టుకోకముందే చెరువులో దిగారని చెప్పాను కదా. వారికి ఏ ఆర్థిక సంఘమూ చెప్పలేదు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీలలో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. మా ఊళ్ళో బడి ఆవరణలో షామియానా వేశారు. ఆ నెలలోనే మరొక సంగతి విన్నాము. స్వాతంత్ర్య దినోత్సవానికి చిన్న పంచాయతీకి ఇచ్చే సొమ్ము దశాబ్దాలుగా 100 రూపాయలు, పెద్ద పంచాయతీకి 250 రూపాయలు ఉండేదట. దాన్ని 10,000కూ, 25,000కూ పెంచారు. "ఇన్నేళ్ళూ వంద రూపాయలతో జెండా ఎలా ఎగరేశారో!" అని మా వరుసలో కూర్చున్న బాబాయి ఆశ్చర్యపోయాడు. నాకు మాత్రం జెండా ఒక్కటే కాదు, పంచాయతీలో చాలా పనులు అలాగే జరిగాయేమో అనిపించింది. ఎవరో ఒకరు చేతి డబ్బు వేసుకుని నడిపి ఉంటారు.

నాన్నగారి పుస్తకం తీసుకువెళ్ళాను. పనుల జాబితా చదివారు. పశువుల షెడ్లు, పంట బోదెలు, సిమెంటు రోడ్లు, మురుగు కాలువలు. చెరువు లేదు. నేను లేచాను. ఇరవై ఏళ్ళ పద్దు చదివాను. 2018లో అది ఎలా పోయిందో చెప్పాను. సంతకం నాదేనని కూడా చెప్పాను. సభలో కాస్త కలకలం రేగింది. నేను బాగా మాట్లాడుతున్నాననే అనుకున్నాను.

పంచాయతీ కార్యదర్శి చిన్నమ్మాయి. ఓపికగా విన్నది. "పద్దు పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు సార్. ఉపాధి హామీలో పూడిక తీయించవచ్చు. గట్టుకు రాయి, తూము తలుపు, ఫిల్టరు బెడ్ల ఇసుక మాత్రం పంచాయతీ సొంత డబ్బుతో చేయాలి. ఆ సొంత డబ్బులోనే వీధి దీపాల కరెంటు, మోటారు రిపేర్లు, బ్లీచింగ్, పారిశుద్ధ్య పనివాళ్ళ జీతాలు చూసుకోవాలి. సొంత డబ్బంటే ఇంటి పన్నే కదా సార్. బకాయిల జాబితా చదవమంటారా?" అంది.

"చదవమ్మా, చదువు" అని వెనకనుంచి ఎవరో కేక వేశారు.

చదివింది. ఏడో పేరు మా నాన్నగారిది. ఇల్లు ఇంకా ఆయన పేరునే ఉంది. నాలుగేళ్ళ పన్ను బకాయి. నేను కడుతున్నానని అమ్మ అనుకుంది. అమ్మ కడుతోందని నేను అనుకున్నాను. ఏటేటా పంచాయతీ లెక్క ఎత్తి వ్రాసుకున్న మనిషి పేరు, ఆయన పుస్తకం నా చేతిలో ఉండగానే, బకాయిదారుల జాబితాలో వినిపించింది. షామియానా అంతా నవ్వింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ నవ్వుల మధ్య మామ్మ లేచింది. "ఆ బాబు కట్టేది కడతాడులే. ఆయన్ని కూర్చోనీండి. చెరువు సంగతి తేల్చండి ముందు. అక్కడ నీళ్ళు తాగేది మేము" అంది. కాలనీ ఆడవాళ్ళంతా "అవునవును" అన్నారు. నేను ఇరవై నిమిషాలు మాట్లాడి తేల్చలేనిదాన్ని ఆమె నాలుగు మాటల్లో తేల్చింది. పద్దు జాబితాకు ఎక్కింది. ఈసారి తీర్మానం మొత్తం చదివి, తెలుగులో సంతకం చేశాను. మరునాడు ప్రొద్దుటే వెళ్ళి బకాయి కట్టాను.

2025 వేసవిలో పని మొదలైంది. వెళ్ళి చూస్తే చెరువు మధ్యగా మట్టితో అడ్డుకట్ట వేస్తున్నారు. ఒక ప్రక్కనే పూడిక తీస్తారట. "మొత్తం ఒకేసారి ఎందుకు తీయరు? మళ్ళీ సగం పనేనా?" అని అడిగాను. మేస్త్రీ నన్ను వింతగా చూశాడు. "మొత్తం ఎండగట్టేస్తే ఊరు ఏం తాగుద్దండీ? ఈ యేడు ఇటు సగం, పై యేడు అటు సగం. మీ నాన్నగారి కాడ్నుంచీ ఇంతే కదండీ" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు ఆ "సగము". దాన్ని నేను ఓటమి అనుకున్నాను. అది పని చేసే పద్ధతి. జనం నీరు తాగుతూ ఉండగానే చెరువు బాగుపడాలి. ఇటువైపు తీసి, అటువైపు తీసి, గట్టు వేసేసరికి మొదట తీసినవైపు మళ్ళీ పూడిక చేరుతుంది. గుర్రపు డెక్క ఏనాడూ ఆగదు. "అయినది" అని వ్రాసిన ఏటి తరువాత ఏడే మళ్ళీ "సగము" ఎందుకు ఉందో, ఆయన ఇరవై ఏళ్ళూ ఒకే పద్దును ఎందుకు అడిగారో ఆ గట్టు మీద నిలబడితే తెలిసింది. ఆయన అడిగినదాన్ని సాధించలేక మళ్ళీ మళ్ళీ అడగలేదు. అది మళ్ళీ మళ్ళీ అడగవలసినదే.

మీలో చాలామంది ఊళ్ళు వదిలి దూరాన ఉన్నవారే. ఎప్పుడైనా పండక్కి వెళ్ళినప్పుడు అరుగు మీదకు రిజిస్టరు వస్తే, చేతి నెయ్యి తుడుచుకుని, దయచేసి ఒకసారి చదవండి. ఇంటి పన్ను ఎవరు కడుతున్నారో కూడా కనుక్కోండి. ఇంతకంటే పెద్ద నీతి నా దగ్గర లేదు.

నాన్నగారి పుస్తకంలో 2015 తరువాత తొమ్మిది పుటలు ఖాళీగానే వదిలాను. ఆ తరువాతి పుటలో 2025 అని వేసి పద్దు ఎత్తి వ్రాశాను. ఎర్ర సిరా కలం కొనుక్కొచ్చి గీత గీశాను. పన్ను రసీదు అక్కడే పెట్టాను. గీత ప్రక్కన "సగము" అని వ్రాశాను.